ఒడ్డు మీద మాట

రేడియోలో వాతావరణ వార్తలు వస్తే చాలు, పేరమ్మ నోరు ఊరుకునేది కాదు. అల్పపీడనం అన్న మాట వినపడగానే చేతిలో పని పక్కన పడేసి ఎవడో తెలియని ఒక మనిషిని తిట్టడం మొదలుపెట్టేది. ఆ మనిషికి పేరు లేదు, ఊరు లేదు. డెబ్బై ఏడులో ఉప్పెన వస్తోందని ముందే తెలిసి కూడా, కోడూరు అవతల సముద్రపొడ్డున ఉన్న తమ పల్లెకు కబురు పెట్టనివాడు. అలాంటివాడొకడు ఎక్కడో ఉండే ఉంటాడని ఆమె నమ్మకం. ఆ ఉప్పెనలో ఆమె భర్త కాశీరావు పోయాడు. ఎనిమిదేళ్ళ కూతురు సంపూర్ణ పోయింది. తుమ్మచెట్టు ముళ్ళు ఒళ్ళంతా చీరేస్తుంటే దాన్నే పట్టుకుని వేలాడి తనూ, కొడుకు జానకిరామూ మిగిలారు.

"ఆ రాత్రి ఆడికి అన్నం ఎట్టా సహించిందో," అనేది.

"ఎవరూ లేరమ్మా. కరెంటు పోయింది, రేడియోలు పలకలేదు, అంతే," అని జానకిరామ్ ఎన్నోసార్లు సర్దిచెప్పాడు.

"నీకు తెలవదురా. తెలిసినోడు ఒకడుంటాడు. ఎప్పుడూ ఉంటాడు. ఆడి మొకం ఎట్టుంటదో ఒక్కసారి సూడాలని ఉంది నాకు."

విజయవాడ భవానీపురంలో మేడ కట్టుకుని, కృష్ణ గాలి తగిలేలా వరండాలో ఉయ్యాల వేయించుకున్నాక కూడా ఆమె ఆ మనిషిని వదల్లేదు. ఇంటికి వచ్చినవాళ్ళకు ముందు వింతగా ఉండేది, తర్వాత అలవాటైపోయేది.

జానకిరామ్ పెరిగింది బందరులో, గిలకలదిండి రేవు దగ్గర చేపల వ్యాపారం చేసే మేనమామ ఇంట్లో. రేవులో అతను నేర్చుకున్న చదువు వేరు, పాలిటెక్నిక్‌లో నేర్చుకున్న చదువు వేరు. రెండోది అతనికి అన్నం పెట్టింది కానీ మనిషిని తయారుచేసింది మొదటిదే. రేవులో బేరం ఇలా ఉంటుంది. పడవ ఒడ్డుకు వస్తుంది. బుట్టలు దించకముందే కొనేవాడు పడవ తడి చెక్క మీద అరచెయ్యి వేసి ఒక ధర అంటాడు. అమ్మేవాడు కూడా పక్కనే చెయ్యి వేస్తే బేరం అయిపోయినట్టే. తర్వాత చేప మెత్తబడిందని తేలనీ, బజారులో ధర పడిపోనీ, ఆ మాట మారదు. నష్టం ఎవరికి వస్తే వాళ్ళే నోరు మూసుకుని భరిస్తారు. కాగితం రాసుకుందామన్న పెద్దమనిషికి మర్నాటి నుంచి ఆ ఒడ్డున చిన్న పిత్తపరిగె చేప కూడా దొరకదు.

ఈ చదువుతోనే జానకిరామ్ ఆటోనగర్‌లో కంప్యూటర్ల కంపెనీ పెట్టాడు. మొదట స్పేర్ పార్టుల షాపులకు స్టాకు లెక్కలు కంప్యూటర్లో ఎక్కించి ఇచ్చేవాడు. తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలకు వెబ్‌సైట్లు కట్టివ్వడం, కనెక్షన్లు అమ్మడం మొదలుపెట్టాడు. కంపెనీకి తీరం అని పేరు పెట్టుకున్నాడు. కింద బేరింగుల షాపు, మధ్యలో తీరం ఆఫీసు, పైన శాంతకుమారి గారి కూచిపూడి క్లాసు. సాయంత్రమయ్యేసరికి పైన ఆడపిల్లల గజ్జెలు, కింద లారీల హారన్లు. ఈ రెండింటి మధ్య కూర్చుని ఇంజినీర్లు దేశదేశాలకు కబుర్లు పంపేవారు.

ఆ ఇంజినీర్లలో అసలైనవాడు కోటి. అతనిదీ కోడూరు ఒడ్డే. వరసకు జానకిరామ్‌కు అన్న కొడుకవుతాడు. "ఆఫీసులో సార్ అనరా," అని జానకిరామ్ ఎంత చెప్పినా, కంగారు పుడితే మాత్రం కోటి నోట్లోంచి బాబాయ్ అనే వచ్చేది. తొంభై తొమ్మిదిలో యుద్ధం జరిగినప్పుడు అవతలి దేశం కుర్రాళ్ళెవరో రొయ్యల కంపెనీల వెబ్‌సైట్ల నిండా బూతులు రాసిపోతే, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా అన్నీ శుభ్రం చేసి, వాళ్ళు ఏ దారిన వచ్చారో పట్టుకున్నది అతనే. పేపర్లో ఫొటో కూడా వేశారు. ఆ ఫొటోయే కొంప ముంచింది.

రెండువేల రెండు వేసవిలో రెండు దేశాల సైన్యాలూ సరిహద్దులో మళ్ళీ ఎదురెదురుగా నిలబడ్డాయి. యుద్ధమని ఎవరూ ప్రకటించలేదు. కాదని కూడా అనలేదు. ఆ రోజుల్లోనే సంజీవరావు గారు వచ్చాడు.

మనిషి గుడివాడ వైపువాడు, ఢిల్లీలో స్థిరపడ్డాడు. నున్నగా దువ్విన తల, మెత్తటి మాట. ఏ శాఖండీ అని అడిగితే, "మావాటికి పేర్లుండవండీ," అని నవ్వాడు. అంతకుముందు రోజు ఢిల్లీ నుంచి వచ్చిన ఫోను, రైల్వే స్టేషనుకు వెళ్ళిన సర్కారు కారు, వెంట వచ్చిన స్థానిక అధికారి వినయం చూశాక జానకిరామ్‌కు అనుమానించాలని కూడా తోచలేదు. ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టాడు. సంజీవరావు గారు పేరమ్మ వండిన చందువా చేపల పులుసు మెచ్చుకుని మరీ తిన్నాడు.

భోజనమయ్యాక అసలు సంగతి చెప్పాడు. "అవతల వాళ్ళ రేవు ఒకటుందండీ. దాని ఆఫీసు వ్యవహారమంతా ఒక కంప్యూటర్ మిషన్ మీద నడుస్తోంది. ఓడల రాకపోకలు, సామాన్లు, అన్నీ. ఆ మిషన్ కొన్నాళ్ళు పలక్కూడదు. మీలాంటి కంపెనీలు ఇంకా ఉన్నాయి దేశంలో. అందరూ ఒకేసారి తలుపు తడితే అది ఎవరికీ తలుపు తీయలేదు. అంతే పని."

"మరి మీ దగ్గర ఇంతమంది ఉండగా మేమెందుకండీ?"

"మేం చేస్తే యుద్ధం అంటారు. మీరు చేస్తే ఎవరో కుర్రాళ్ళంటారు."

ఈ మాట దగ్గర జానకిరామ్ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. అతనికి వినపడింది వేరు. దేశం తన గుమ్మం తొక్కి సాయం అడిగిందన్నది వినపడింది, అంతే. చెట్టుకు వేలాడి బతికి, చేపల బుట్టలు మోసి, చదువుకున్న కుటుంబాల పిల్లల మధ్య ఇంగ్లీషు రాక నవ్వులపాలైనవాడికి ఆ గర్వం చిన్నది కాదు. దాన్ని తప్పుపట్టడం నాకు చేతకాదు.

"కాగితం ఏదైనా ఇస్తారాండీ?" అని మాత్రం మర్యాదకు అడిగాడు.

"ఇలాంటివాటికి కాగితాలుండవండీ. మాటే. మీ వెనక మేమున్నాం."

జానకిరామ్ భోజనాల బల్ల చెక్క మీద అరచెయ్యి వేసి ఆయన వంక చూశాడు. సంజీవరావు గారికి ఏమీ అర్థం కాలేదు. ఏదో ఈ ప్రాంతపు మర్యాద అనుకుని తనూ పక్కన చెయ్యి వేశాడు. ఒకరికి బేరం కుదిరింది, ఇంకొకరికి భోజనం ముగిసింది.

మర్నాడు జానకిరామ్ లాయరు శాంభవి గారి దగ్గరికి వెళ్ళాడు. సలహాకు కాదు, చెప్పుకోవడానికి. తీరం కంపెనీ కాగితాలన్నీ చూసేది ఆమే. నాలుగు తరాలుగా పంతుళ్ళూ ప్లీడర్లూ ఉన్న కుటుంబం. పొడిగా, సూటిగా మాట్లాడే మనిషి. అంతా విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"మీ కోటి సిపాయా?"

"ఎక్కడి సిపాయండీ."

"కాదు కదా. సిపాయి అయితే యుద్ధంలో చేసిన పనికి అతన్ని దొంగలా విచారించకూడదు. దొరికిపోయినా యుద్ధఖైదీ. మామూలు మనిషైతే అవతలి సైన్యం అతని మీద దాడి చేయకూడదు. మీవాడు ఈ పని చేశాడంటే రెండు వైపులా చెడతాడు. సిపాయికి ఉండే రక్షణ రాదు, మామూలు మనిషికి ఉండేది పోతుంది. ఆ పని చేసినంతసేపూ మీ ఆఫీసు మీద బాంబు వేసినా సబబేనని అవతలివాడు వాదించగలడు. పైన శాంతకుమారి గారి పిల్లలు డాన్స్ చేస్తుంటారు కదా."

"బాంబులేమిటండీ, మీరు మరీను."

"సరే, బాంబు వదిలేయండి. యుద్ధం ప్రకటించారా? లేదు. అంటే ఇక్కడ మామూలు చట్టమే నడుస్తోంది. రెండేళ్ళ కింద వచ్చిన కంప్యూటర్ల చట్టంలో ఎవడి మిషన్ చెడగొట్టినా మూడేళ్ళ దాకా జైలు. అవతలి దేశం మిషన్ అయితే ఫరవాలేదని అందులో ఎక్కడా రాయలేదు. సర్కారు చెప్పిందనడానికి మీ చేతిలో ఏమీ లేదు. ఇంకోటి, ఆ మిషన్ మీద రేవు పనులు తప్ప ఇంకేమైనా ఉన్నాయేమో చూశారా? జనానికి పనికొచ్చేవి ఉంటే, యుద్ధంలో సైన్యం కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి."

"మాటిచ్చారండీ ఆయన."

"కాగితం తెప్పించండి జానకిరామ్ గారూ. ఒక్క ముక్క చాలు."

"మా ఒడ్డున కాగితం అడిగితే తిట్టినట్టేనండీ," అన్నాడు జానకిరామ్, నవ్వుతూనే.

"ఆయన మీ ఒడ్డు మనిషి కాదు," అంది శాంభవి. ఆ మాటకు అతనికి కోపం వచ్చింది. ఆమెకు తమ మర్యాదలు తెలియవని మనసులో అనుకుని లేచి వచ్చేశాడు.

పని మొదలుపెట్టాల్సిన రోజు మధ్యాహ్నం భోజనాల వేళ కోటి అతని గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"బాబాయ్, ఒకటి చూశాను. ఆ మిషన్ మీద రేవు ఆఫీసు ఒక్కటే లేదు. వాళ్ళ చేపల సొసైటీ పేజీ కూడా ఉంది. రోజూ గాలి ఎట్టా ఉంటుంది, వేటకి పోవచ్చా వద్దా అని పెడుతున్నారు. అది చూసి సొసైటీ వాళ్ళు ఒడ్డున మైకులో చెప్తారంట. మనం మొదలెడితే అదీ ఆగిపోద్ది."

పైన గజ్జెలు కూడా లేని వేళ. కోటి నిలబడే ఉన్నాడు.

"రేడియో ఉండదా వాళ్ళకి?" అన్నాడు జానకిరామ్.

"ఉండొచ్చు. తెలీదు."

"నాలుగు రోజుల పనే కదరా. ఇప్పుడేం తుఫానులు, వేసవిలో."

"రుతుపవనాల ముందు సముద్రం ఎట్టా ఉంటుందో నీకు తెలీదా బాబాయ్."

తెలుసు. బాగా తెలుసు. కానీ మాట ఇచ్చేశాడు. బుట్ట దించాక చేప మెత్తగా ఉందని వెనక్కి పోయేవాడిని ఒడ్డున ఎవరూ మనిషిగా చూడరు. అతనికి ఆ క్షణంలో అదొక్కటే గుర్తుంది. తుమ్మచెట్టు గుర్తు రాలేదు. సంపూర్ణ గుర్తు రాలేదు. వచ్చి ఉంటే ఈ కథ వేరేలా ఉండేది.

"కానివ్వరా," అన్నాడు. బల్ల మీద అరచెయ్యి వేశాడు. "ఏదన్నా వస్తే పూచీ నాది."

కోటికి ఆ చెయ్యి అర్థం తెలుసు. కాస్త ఆగి, పక్కన తన చెయ్యి కూడా వేశాడు. వెళ్ళబోతూ, మన అడ్రసు కనపడకుండా దాచమంటావా అని అడిగాడు. "మనమేమన్నా దొంగలమా, మొహం దాచుకోడానికి," అన్నాడు జానకిరామ్. మిగిలిన కంపెనీలన్నీ దాచుకున్నాయని తర్వాతెప్పుడో తెలిసింది.

అవతలి మిషన్ ఆ సాయంత్రానికే మూగబోయింది. సంజీవరావు గారు ఫోను చేసి శభాష్ అన్నాడు. ఇంజినీర్లకు జానకిరామ్ బిర్యానీ తెప్పించాడు. కోటి తినలేదు.

తర్వాత ఒక ఉదయం కోటి ఇంగ్లీషు పేపరు తెచ్చి బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. లోపలి పేజీలో చిన్న వార్త. అవతలి తీరంలో అకస్మాత్తుగా ఈదురుగాలి లేచింది. వేటకు వెళ్ళిన పడవల్లో కొన్ని తిరిగి రాలేదు. ఆడవాళ్ళు రేవులో కూర్చుని ఎదురు చూస్తున్నారు. ఎన్ని పడవలో, ఎంతమందో రాయలేదు. కబురు ఎందుకు అందలేదో కూడా రాయలేదు. జానకిరామ్ ఆ వార్త చాలాసార్లు చదివాడు. తర్వాత లేచి స్వయంగా వెళ్ళి పని ఆపించాడు. సంజీవరావు గారి అనుమతి అడగలేదు. అప్పటికి ఆపి ఏం లాభమో అతనికే తెలియదు.

ఆ రోజు నుంచి ఇంట్లో రేడియో మోగనివ్వలేదు. బ్యాటరీలు అయిపోయాయని తల్లికి అబద్ధం చెప్పాడు.

వాన పట్టాక కేసు వచ్చింది. వచ్చింది అవతలి దేశం నుంచి కాదు. ఆ మిషన్ అసలు ఆ దేశంలోనే లేదు. మనతో ఏ తగవూ లేని వేరే దేశంలో, ఒక వ్యాపారి దగ్గర అద్దెకు తీసుకున్న మిషన్. నా మిషన్ పాడుచేశారు, నష్టపోయానని ఆ వ్యాపారి తన ప్రభుత్వానికి చెప్పుకున్నాడు, ఆ ప్రభుత్వం మన ప్రభుత్వానికి చెప్పింది. వెతికితే అందరిలోనూ ముఖం దాచుకోని అడ్రసు ఒక్కటే దొరికింది. విజయవాడ, ఆటోనగర్.

హైదరాబాదు నుంచి ఇన్‌స్పెక్టరు లాజరు వచ్చాడు. మర్యాదస్థుడు. కంప్యూటర్లు సీలు చేయించి, ఆ రోజు ఆ పని చేసిన కంప్యూటర్ దగ్గర కూర్చున్నది ఎవరని అడిగాడు. కోటి నేనేనన్నాడు. ఊరు వదిలి వెళ్ళొద్దని అతనికి చెప్పి, సోమవారం ఇద్దరూ ఇక్కడి పోలీసు స్టేషనుకు వచ్చి వాంగ్మూలం ఇవ్వమన్నాడు.

జానకిరామ్ సంజీవరావు గారికి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. రెండు రోజులు పోయాక ఆయనే వేరే నంబరు నుంచి చేశాడు. అదే మెత్తటి గొంతు.

"కంగారుపడకండి జానకిరామ్ గారూ. మీవాడు కుర్రాడు. దేశం మీద అభిమానంతో, ఎవరికీ చెప్పకుండా తనంతట తానే చేశాడని చెప్పించండి. జడ్జీలు కూడా మనుషులే. తేలిగ్గా పోతుంది. బయటికొచ్చాక మంచి ఉద్యోగం మేం చూస్తాం. మీ కంపెనీకి కూడా ఏ ఇబ్బందీ ఉండదు."

"మీరు చెప్పారని నేను చెప్తే?"

"నేనెవరినండీ?" అన్నాడాయన. కోపంగా కాదు, నిజంగానే అడుగుతున్నట్టు. "మాటిస్తున్నాను. కుర్రాడికి ఏమీ కాదు."

మాట. జానకిరామ్ ఫోను పెట్టేసి తన అరచెయ్యి వంక చూసుకున్నాడు. మోసపోయినందుకు వచ్చిన కోపం కంటే, ఇంత సులువుగా మోసపోయినందుకు వచ్చిన సిగ్గు ఎక్కువగా ఉంది. శాంభవి గారి మాట గుర్తొచ్చింది. ఆయన మీ ఒడ్డు మనిషి కాదు.

ఆదివారం ఆమె ఇంటి ముందు గదిలో కోటితో కలిపి ముగ్గురూ కూర్చున్నారు. నేను చెప్పానా లేదా అని ఆమె ఒక్క మాట అనలేదు. అందుకు జానకిరామ్ ఆమెకు ఎప్పటికీ రుణపడి ఉంటాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్తాను," అంది శాంభవి. "కోటి తనంతట తానే చేశాడంటే కంపెనీ బయటపడుతుంది, మీరు బయటపడతారు. అతను లోపలికి పోతాడు. మీరు చెప్తే చేశాడంటే ఇద్దరి మీదా కేసు. సర్కారు చెప్పిందంటే, దానికి సాక్ష్యం లేదు. పైగా ఒక ప్రభుత్వం దొంగచాటుగా ఇలా చేయించిందని మీరు కోర్టులో అన్నట్టవుతుంది. ఆ మాట ఢిల్లీలో ఎవరికీ నచ్చదు."

"నేనే చేశానని చెప్తాను బాబాయ్," అన్నాడు కోటి తల దించుకుని. "దేశం కోసం చేశాడని ఊళ్ళో దండలేస్తారు. నీ మీద ముప్పై కుటుంబాలు ఆధారపడి ఉన్నాయి."

"దండలు వేయించుకుంటావా?" అన్నాడు జానకిరామ్.

కోటి తల ఎత్తాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పడవల సంగతి ఇద్దరూ ఒక్కసారి కూడా పైకి అనుకోలేదు. అనుకోవాల్సిన అవసరం లేకపోయింది.

"మేడం, ఇంకోటుంది," అన్నాడు జానకిరామ్. "ఆ మిషన్ మీద వేటగాళ్ళకి గాలి కబురు చెప్పే పేజీ ఉందని వీడు ముందే నాకు చెప్పాడు. వద్దన్నట్టే చెప్పాడు. నేనే కానీమన్నాను."

శాంభవి చాలాసేపు అతని వంక చూసింది. లాయరుగా చూసిందో మనిషిగా చూసిందో చెప్పలేం.

"ఆ మాట మీరు ఇక్కడే వదిలేసి వెళ్ళండి," అంది. "అది చెప్తే కోటి తప్పించుకుంటాడు, ఒప్పుకుంటాను. వద్దన్నవాడిని బలవంతాన చేయించినట్టవుతుంది. కానీ మీరు తెలిసే చేశారన్నది రికార్డులోకి ఎక్కుతుంది. తెలియక చేసినవాడు వేరు, తెలిసి చేసినవాడు వేరు. నేనిక మిమ్మల్ని కాపాడలేను. ఆ పడవలు మీ వల్లే పోయాయని ఎవరూ నిరూపించలేరు కూడా."

"నా వల్ల కాదనీ నిరూపించలేరు కదండీ."

"ఆ అవసరం చట్టానికి లేదు."

సోమవారం ఇన్‌స్పెక్టరు లాజరు గదిలో జానకిరామ్ అంతా చెప్పాడు. సంజీవరావు అన్న పేరు దగ్గర లాజరు రాయడం ఆపాడు. "ఏ శాఖండీ? హోదా ఏమిటి?" అని అడిగాడు. "పేర్లుండవన్నారండీ," అన్నాడు జానకిరామ్. "అలాంటి మనిషి ఉన్నట్టు మాకు ఎవరూ చెప్పడం లేదు. రాయమంటే రాస్తాను, కానీ మీకే ఎగతాళి అవుతుంది," అన్నాడు లాజరు, నిజంగా బాధపడుతూ. జానకిరామ్ రాయమన్నాడు. ఎగతాళికి భయపడే దశ దాటిపోయింది.

తర్వాత కోటి సంగతి చెప్పాడు. అతను గాలి పేజీ చూసి వచ్చి హెచ్చరించాడని, తానే కానీమన్నానని, అడ్రసు దాచొద్దన్నది కూడా తానేనని. పక్కన శాంభవి కళ్ళు మూసుకుంది. లాజరు కోటి వంక ఒకసారి చూసి, రాసుకున్నాడు. కోటి పేరు ముందు ఉన్న అక్షరాలు అప్పుడు మారిపోయాయి. నిందితుడు సాక్షి అయ్యాడు. బల్ల మీద చెయ్యి వేసి ఇచ్చిన మాటల్లో, పూచీ నాదన్న ఆ ఒక్కటైనా నిలబడింది.

"అయిపోయిందండీ. సంతకం పెట్టండి," అన్నాడు లాజరు.

జానకిరామ్ కలం పట్టుకోలేదు. "పడవల సంగతి అడగలేదు మీరు," అన్నాడు.

"ఏ పడవలండీ?"

"ఆ రోజుల్లో గాలి లేచింది. అవతల వేటకెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. కబురు చెప్పే మిషన్ నేను మూయించాను కదా."

లాజరు శాంభవి వంక చూశాడు, సాయం చేయమన్నట్టు. "అది ఈ కేసులో లేదండీ. ఫిర్యాదు ఇచ్చింది మిషన్ ఓనరు. మిషన్‌కి జరిగిన నష్టం వరకే మా పని. ఆ మనుషుల తరఫున ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చేసినా ఎక్కడ తీసుకోవాలో నాకు తెలీదు. యుద్ధం కాదన్నారు కాబట్టి యుద్ధం చట్టం కింద రాదు. వేరే దేశం సముద్రం కాబట్టి మా కింద రాదు."

"మరి ఎవరు అడుగుతారండీ?"

లాజరు కాగితం అతని ముందుకు జరిపాడు. శాంభవి ఇంట్లో గోడ పొడుగునా ఉన్న చట్టం పుస్తకాల్లో కూడా ఆ సంగతి లేదు. ఆమె అతని భుజం తట్టి, సంతకం పెట్టండి అంది మెల్లగా. పెట్టాడు. మర్నాటి నుంచి కోర్టు, బెయిలు, మూసేసిన ఆఫీసు. అవన్నీ ముందున్నాయి.

ఇంటికి వచ్చేసరికి పేరమ్మ వరండాలో ఉయ్యాల మీద ఉంది. ఒళ్ళో రేడియో ఉంది. బ్యాటరీలు కొత్తవి. ఎదురింటి నాగలక్ష్మిని పంపించి తెప్పించుకుందట. జానకిరామ్ చెప్పులు విడిచి ఆమె కాళ్ళ దగ్గర గచ్చు మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు తప్ప ఎప్పుడూ అలా కూర్చోలేదు. కేసు గురించి ఆమెకు ముక్కలు ముక్కలుగా తెలుసు. కంప్యూటర్ల గొడవ అనుకుంటోంది. అతను మొదటి నుంచి చెప్పాడు. చందువా పులుసు తిన్న మనిషి, బల్ల మీద చెయ్యి, గాలి పేజీ, కోటి వచ్చి నిలబడ్డం, తాను కానీమనడం, పేపర్లో వార్త. ఏదీ దాచలేదు.

పేరమ్మ ఉయ్యాల ఆగిపోయింది.

"వాళ్ళ ఒడ్డోళ్ళకి గాలి కబురు సెప్పేదా అది?"

"అవునమ్మా."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"పోలీసోళ్ళు అడిగారా ఆ పడవలోళ్ళ గురించి?"

"అడగలేదు. నేనే చెప్పబోయాను. అది వాళ్ళ పని కాదన్నారు."

పేరమ్మ కాసేపు వీధిలోకి చూసింది. "మన దగ్గరికీ వచ్చారు సర్కారోళ్ళు, ఉప్పెన పోయాక," అంది. "గొడ్లు ఎన్ని పోయినయ్, ఇల్లు పెంకుటిల్లా గుడిసా అని అడిగారు. కబురు పెట్టనోడి సంగతి అప్పుడూ ఎవరూ అడగలా."

ఆమె ఇక తిట్టలేదు. వంగి, కొడుకు గడ్డం కింద చెయ్యి పెట్టి, మొహం పైకెత్తి చూసింది. ఇన్నేళ్ళుగా చూడాలనుకున్న మొహాన్ని చూస్తున్నట్టు, మెల్లగా, నుదుటి దగ్గర్నుంచి కిందికి చూసింది. జానకిరామ్‌కు కళ్ళు దించుకోవాలనిపించింది కానీ దించుకోలేదు.

"పొద్దున్నించీ ఏమన్నా తిన్నావా?" అని అడిగింది.

"తినలేదమ్మా. సహించలేదు."

పేరమ్మ చెయ్యి తీసేసింది. రేడియో కట్టేసి, లేచి లోపలికి వెళ్ళి అతనికి అన్నం వడ్డించింది.